అద్దెకిచ్చిన గంట: మానసిక చికిత్సలో ఫీజు నియమాల పుట్టుపూర్వోత్తరాలు

మందుల మీద కాక ప్రధానంగా మాటల మీద ఆధారపడి, శిక్షణ పొందిన వ్యక్తి ఎదుట రోగి తన బాధను క్రమం తప్పకుండా, కొంతకాలం పాటు విప్పి చెప్పుకోవడం ద్వారా సాగే వైద్యాన్ని మానసిక చికిత్స లేదా సైకోథెరపీ అంటారు. ఈ చికిత్సను ప్రైవేటుగా మొదలుపెట్టే వారికి వియన్నాలోనైనా లండన్‌లోనైనా హైదరాబాదులోనైనా దాదాపు ఒకే తరహా నిబంధనలు ఎదురవుతాయి. సెషన్ ఇన్ని నిమిషాలు, వారానికి ఇన్నిసార్లు, ఫీజు ఇంత, మొదటి కొన్ని సెషన్లు ఒకరినొకరు పరిశీలించుకోవడానికి, రాలేకపోతే ఒకరోజు ముందుగా కబురు చేయాలి, చేయకపోతే రాని సెషన్‌కు కూడా డబ్బు కట్టాలి అని మొదటి రోజే చెప్పడమో, కాగితం మీద సంతకం తీసుకోవడమో జరుగుతుంది. పంటి వైద్యుడి దగ్గరగానీ కంటి వైద్యుడి దగ్గరగానీ ఇలాంటి షరతులకు అలవాటుపడని మన రోగులకు ఇవి వింతగా తోచడం సహజమే.

ఈ నిబంధనలను చికిత్సకులు సాధారణంగా చికిత్సలో భాగంగానే వివరిస్తారు. డబ్బు కట్టే రోగికే శ్రద్ధ ఉంటుందని, సమయపాలన మనసుకు ఒక కట్టుబాటునిస్తుందని చెబుతారు. వాటిలో నిజం లేకపోలేదు. అయితే ఈ నియమాలకు ఒక ఊరు, ఒక కాలం, ఒక వైద్యుడి ఇంటి ఖర్చు ఉన్నాయి. అవి వియన్నా మధ్యతరగతి జీవితంలోంచి పుట్టి, ఆ జీవితం యుద్ధంతో కూలిపోయినప్పుడు మారి, పేదల కోసం తెరిచిన క్లినిక్కుల్లో పరీక్షకు నిలబడి, చివరకు బీమా సంస్థల లెక్కల్లోకి చేరాయి. ఫీజు లేనిదే మానసిక చికిత్స ఫలించదన్న మాట శాస్త్ర సూత్రంలా చలామణీ అవుతున్నా, ఈ చరిత్రను చూస్తే అది సూత్రం కాదని, ప్రైవేటు వృత్తికి అవసరమైన ఒక ఏర్పాటుకు తరువాత చెప్పుకున్న సమర్థన అని స్పష్టమవుతుంది.

సిగ్మండ్ ఫ్రాయిడ్ ప్రైవేటు వైద్యంలోకి ఇష్టంతో కంటే అవసరంతో వచ్చాడు. ఎర్న్‌స్ట్ బ్రూకే ప్రయోగశాలలో నాడీ కణాల మీద పరిశోధన చేస్తూ ఉండిపోవాలని ఆయన కోరిక. కాని 1882లో మార్తా బెర్నైస్‌తో నిశ్చితార్థం జరిగాక, జీతం నామమాత్రమైన పరిశోధనతో సంసారం నడవదని తేలిపోయింది. 1886 ఏప్రిల్‌లో, ఈస్టర్ ఆదివారం నాడు, ఆయన వియన్నాలో సొంత కన్సల్టింగ్ గది తెరిచాడు. అదే ఏడాది సెప్టెంబరులో పెళ్ళి జరిగింది. ఆ రోజుల్లో నరాల జబ్బుల వైద్యుడి చేతిలో ఉన్నవి విద్యుత్ చికిత్స, చల్లనీళ్ళ స్నానాలు, విశ్రాంతి, హిప్నాసిస్ మాత్రమే. తొలి రోగులలో కొందరు అపార సంపన్నులు. అన్నా ఫాన్ లీబెన్ వంటి బ్యాంకరు కుటుంబపు స్త్రీని చూడటానికి వైద్యుడే ఆమె ఇంటికి వెళ్ళేవాడు. ఇంటి వైద్యుడికి పని పనికీ లెక్క కట్టకుండా సంవత్సరానికి ఇంత అని ముట్టజెప్పే ఆచారం కూడా మధ్య యూరప్‌లోని కలిగిన కుటుంబాల్లో ఉండేది. అంటే వైద్యుడు గౌరవం పొందిన మనిషే అయినా, అతని కాలం మాత్రం రోగి ఇంటి సౌకర్యాన్ని బట్టి నడిచేది.

ఆ తరువాత ఫ్రాయిడ్ రూపొందించిన మనోవిశ్లేషణ, అంటే మనసులో అణచివేతకు గురై స్పృహకు అందని కోరికలను, భయాలను రోగి స్వేచ్ఛగా పలికే మాటల ద్వారా వెలికితీసే పద్ధతి, ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఇందులో వైద్యుడు చీటీ రాసి పంపించలేడు. ప్రతి రోగికీ ప్రతిరోజూ ఒక పూర్తి గంట కేటాయించాలి. రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు పనిచేసినా చూడగలిగే రోగులు ఎనిమిది, తొమ్మిది మందే. సాధారణ వైద్యుడికి ఒక రోగి రాకపోతే వెనక వరసలో కూర్చున్నవాడు లోపలికి వస్తాడు. విశ్లేషకుడి తలుపు బయట అలాంటి వరస ఉండదు. ఫీజుల గురించిన తరువాతి చర్చంతా ఈ చిన్న అంకగణితం నుంచే మొదలైంది.

ఆ చర్చకు ఆధారమైన రచన 1913లో వెలువడింది. చికిత్సను ఎలా ప్రారంభించాలన్న విషయం మీద ఫ్రాయిడ్ యువ వైద్యుల కోసం రాసిన ఆ వ్యాసం సిద్ధాంత చర్చ కంటే వృత్తి మర్యాదల పుస్తకాన్ని పోలి ఉంటుంది. మొదట ఒకటి రెండు వారాలు మాత్రమే తాత్కాలికంగా రోగిని తీసుకోవాలని, ఆ లోపల అతని జబ్బు ఈ పద్ధతికి లొంగేదేనా కాదా తేల్చుకోవాలని, ఆ దశలోనే మానుకోవలసి వస్తే చికిత్స విఫలమైందన్న బాధ రోగికి మిగలదని ఆయన సలహా ఇచ్చాడు. హిస్టీరియాలా కనిపించే జబ్బు తరువాత డిమెన్షియా ప్రీకాక్స్‌గా, అంటే నేడు స్కిజోఫ్రీనియా అని పిలిచే వ్యాధిగా తేలితే, నయం చేస్తానని మాట ఇచ్చిన వైద్యుడు మాట తప్పినవాడవుతాడు. చికిత్స మొదలుపెట్టడానికి ముందు గడువు అడిగే రోగుల గురించి కూడా ఆయన హెచ్చరించాడు. అలాంటివారు ఒప్పుకున్న రోజుకు సాధారణంగా రారని ఆయన అనుభవం. ఎంతకాలం పడుతుందన్న ప్రశ్నకు ఆరు నెలలో, సంవత్సరాలో పడుతుందని మొదటే నిజం చెప్పాలన్నాడు. ఈ నిజాయితీ ఇప్పటికీ మెచ్చుకోదగినది.

సమయం విషయంలో ఆయన నియమం కఠినమైనది. ప్రతి రోగికీ రోజులో ఒక నిర్దిష్టమైన గంటను అద్దెకిచ్చినట్టు కేటాయిస్తారు. ఆ గంట అతనిది. వాడుకున్నా వాడుకోకపోయినా దాని బాధ్యత అతనిదే. దీనిని సమర్థించడానికి ఆయన ఎత్తి చూపిన ఉదాహరణ వైద్యంలోనిది కాదు, మర్యాదస్తుల ఇళ్ళకు వెళ్ళి సంగీతమో భాషో నేర్పే పంతుళ్ళ ఆచారం. మెత్తగా ఉంటే ఏమవుతుందో కూడా దాపరికం లేకుండా చెప్పాడు: ‘అనుకోని’ అడ్డంకులు పెరిగిపోయి వైద్యుడి బతుకుతెరువుకే ముప్పు వస్తుంది, గట్టిగా ఉంటే ఆ అడ్డంకులే విచిత్రంగా మాయమవుతాయి. నిజంగా శరీరానికి జబ్బు చేసినప్పుడు మాత్రం ఆయన చికిత్సను ఆపి, ఆ గంటను ఇంకొకరికిచ్చి, రోగి కోలుకున్నాక మరో గంట ఖాళీ అయినప్పుడు తిరిగి తీసుకునేవాడు. ఆదివారాలూ పండుగ రోజులూ తప్ప వారానికి ఆరు రోజులు పని. తేలికపాటి కేసులకు మూడు రోజులు చాలు.

డబ్బు గురించి మాట్లాడటంలో ఆయన చూపిన తెగువ ఆ కాలపు వైద్యులలో అరుదు. నాగరికులు లైంగిక విషయాల పట్ల ఎంత దాపరికం, ఎంత కపటం చూపిస్తారో డబ్బు పట్ల కూడా అంతే చూపిస్తారని, అందువల్ల వైద్యుడు మొదటి రోజే తన కాలానికి కట్టిన వెలను మొహమాటం లేకుండా చెప్పి, లైంగిక విషయాలను కూడా అంత నిస్సంకోచంగా మాట్లాడవచ్చని రోగికి చూపించాలని ఆయన వాదించాడు. బాకీలు పేరుకుపోనీయకుండా నెలనెలా వసూలు చేసుకోవాలని, మరీ చవకగా చేస్తే చికిత్స విలువ పెరగదని కూడా రాశాడు. డబ్బు మాట ఎత్తడమే అమర్యాదగా భావించే సమాజాలలో, మన సమాజంతో సహా, ఈ స్పష్టత ఎంతో మేలు చేస్తుంది. మొహమాటానికి ఒప్పుకుని తరువాత మనసులో కుములుతూ చికిత్స మానేసే రోగుల విషయంలో ఇది మరింత నిజం.

అదే వ్యాసంలో బలహీనమైన చోటు కూడా ఉంది. సుమారు పదేళ్ళపాటు రోజుకు ఒక గంట, కొన్నిసార్లు రెండు గంటలు ఉచితంగా వైద్యం చేసి చూశానని, ఆశించిన మేలు జరగలేదని ఆయన చెప్పాడు. రోగి తెలిసో తెలియకో చికిత్సకు అడ్డుపడే ధోరణిని మనోవిశ్లేషణలో ప్రతిఘటన అంటారు. ఉచిత వైద్యం ఈ ప్రతిఘటనను పెంచుతుందని, యువకులు కృతజ్ఞతా భారం మీద తిరగబడతారని, యువతులలో వైద్యుడి పట్ల అనురాగం మరింత చిక్కుపడుతుందని ఆయన అభిప్రాయం. పేదవారి గురించి రాసిన మాటలు ఇంకా కఠినం: జబ్బు పేదవాడికి జాలినీ పని నుంచి మినహాయింపునూ సంపాదించి పెడుతుంది కనుక అతడు దానిని సులభంగా వదులుకోడన్నది వాటి సారాంశం. ఉచిత రోగి ఒక్కడి వల్ల సంపాదనకు దొరికే వైద్యుడి పనివేళలో ఏడో వంతో ఎనిమిదో వంతో పోతుందన్న లెక్క కూడా అక్కడే ఉంది. ఈ లెక్క నిక్కచ్చిగా సరైనది. దాని పక్కనే నిలబెట్టిన మనస్తత్వ వివరణ మాత్రం చాలా కొద్ది అనుభవం మీద కట్టిన పెద్ద మేడ. తరువాతి తరాలు లెక్కను మరిచిపోయి వివరణను మాత్రమే వల్లె వేయడం ఈ వృత్తి చరిత్రలో విచారించదగిన విషయం.

ఆచరణలో ఫ్రాయిడ్ తన రాతకంటే మెత్తని మనిషి. 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో తలనొప్పులతో తన దగ్గరకు వచ్చిన బ్రూనో గేట్స్ అనే పేద విద్యార్థికి, ఆ యువకవి అసలు జబ్బు చాలా రోజులుగా కడుపునిండా తినకపోవడమేనని గ్రహించి, ఆహారం గురించిన సలహాతో పాటు 200 క్రోనెన్లు కవరులో పెట్టి పంపించాడు. సెర్గేయ్ పాంకెయెఫ్ కథ ఇంకా పెద్దది. ఒడెస్సా ప్రాంతపు భూస్వామి కొడుకైన ఇతడు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు నాలుగేళ్ళపాటు పూర్తి ఫీజు చెల్లించి చికిత్స పొందాడు. రష్యా విప్లవంలో ఆస్తి అంతా పోగొట్టుకుని వియన్నా చేరినప్పుడు ఫ్రాయిడ్ అతనికి కొన్ని నెలలు ఉచితంగా వైద్యం చేయడమే కాక, ఆరేళ్ళపాటు ఏటా మిత్రుల దగ్గర చందాలు పోగుచేసి అతని ఇంటి అద్దెకు అందించాడు.

మొదటి ప్రపంచ యుద్ధం వైద్యుణ్ణి కూడా రోగి స్థితికే తెచ్చింది. ఆస్ట్రియా కరెన్సీ కుప్పకూలినప్పుడు ఫ్రాయిడ్ అప్పటివరకు కూడబెట్టిన 1,50,000 క్రోనెన్లు పనికిరాని కాగితాలయ్యాయని ఆయన జీవిత చరిత్రకారుడు ఎర్నెస్ట్ జోన్స్ రాశాడు. ఒక హంగేరియన్ పత్రికకు రాసిన వ్యాసానికి పారితోషికంగా డబ్బుకు బదులు బంగాళాదుంపలు అడిగి తీసుకున్న సంగతి కూడా ఆయనే నమోదు చేశాడు. వియన్నా రోగులు ఫీజు ఇచ్చినా అది చేతికి వచ్చేలోపే విలువ కరిగిపోయే కాలంలో, ఇంగ్లండు, అమెరికాల నుంచి మనోవిశ్లేషణ నేర్చుకోవడానికి వచ్చే శిష్యులే ఆ కుటుంబానికి ఆధారమయ్యారు. న్యూయార్క్‌కు చెందిన యువ వైద్యుడు అబ్రామ్ కార్డినర్‌కు 1921లో పంపిన లేఖలో గంటకు 10 డాలర్లని, చెక్కు కాక నోట్ల రూపంలోనే కట్టాలని ఫ్రాయిడ్ ముందే తెలియజేశాడు. చెక్కు తీసుకుంటే వియన్నా బ్యాంకు దానిని రోజురోజుకూ దిగజారుతున్న క్రోనెన్లలోకే మారుస్తుంది.

ఆ ఏడాది శరత్తులో కార్డినర్‌తో కలిపి వచ్చినవారు ఫ్రాయిడ్ ఖాళీ గంటల కంటే ఒకరు ఎక్కువయ్యారు. చేతిలో ఉన్నవి వారానికి 30 గంటలు. ఐదుగురికి ఆరేసి రోజుల చొప్పున అవి సరిపోతాయి, ఆరో మనిషికి చోటు లేదు. ఎవరినో ఒకరిని వేరే విశ్లేషకుడి దగ్గరకు పంపవలసిన ఇబ్బందిలో, కూతురు అన్నా లెక్క తిరగేసి చూపింది: ఐదారులు ముప్పై అయితే ఆరైదులూ ముప్పయ్యే. ఒక్కొక్కరు వారానికి ఒక గంట వదులుకుంటే ఆరుగురికీ చోటు దొరుకుతుంది. వారానికి ఆరు రోజుల నుంచి ఐదు రోజులకు చికిత్స మారిన వైనాన్ని కార్డినర్ తన జ్ఞాపకాలలో ఇలా నమోదు చేశాడు. తరువాత దశాబ్దాలపాటు విశ్లేషణ ఐదు రోజులా, నాలుగు రోజులా అని వృత్తి సంఘాలు గంభీరంగా వాదించుకున్నాయి. ఆ వాదాలకు సిద్ధాంతపరమైన కారణాలు ఉండవచ్చు గాని, సంఖ్య మాత్రం ఇంట్లో కూర్చుని కట్టిన లెక్కలోంచి వచ్చింది.

ఇంతకుముందే, 1918 సెప్టెంబరు 28, 29 తేదీలలో, బుడాపెస్ట్‌లో జరిగిన మనోవిశ్లేషకుల మహాసభలో ఫ్రాయిడ్ స్వయంగా తన 1913 నాటి వాదానికి భిన్నమైన దారి చూపించాడు. యుద్ధరంగంలో మనసు చెదిరిన సైనికుల సమస్య కారణంగా ఆస్ట్రియా, హంగేరీ, జర్మనీ ప్రభుత్వాల ప్రతినిధులు కూడా ఆ సభకు వచ్చారు. శరీరానికి శస్త్రచికిత్స పొందే హక్కు పేదవాడికి ఎలా ఉందో మనసుకు సహాయం పొందే హక్కు కూడా అలాగే ఉండాలని, న్యూరోసిస్‌లు, అంటే మతి పూర్తిగా తప్పకపోయినా భయాలతో, పదేపదే వేధించే ఆలోచనలతో మనిషిని కుంగదీసే జబ్బులు, ప్రజారోగ్యానికి క్షయ కంటే తక్కువ ప్రమాదం కావని, ఎప్పటికైనా ప్రభుత్వాలు ఉచిత చికిత్సాలయాలు తెరవక తప్పదని, అంతవరకు దాతలు ఆ పని మొదలుపెట్టాలని ఆయన కోరాడు. మరికొన్ని వారాలకే ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యం కూలిపోయింది గాని ఆ పిలుపు వృథా కాలేదు.

బెర్లిన్‌లోని పొట్స్‌డామర్ వీధి 29వ నంబరు ఇంట్లో 1920 ఫిబ్రవరిలో తొలి మనోవిశ్లేషణ పాలిక్లినిక్ తెరుచుకుంది. బొచ్చు తోళ్ళ వ్యాపారంతో సంపన్నమైన కుటుంబంలో పుట్టిన మాక్స్ ఐటింగాన్ దాని ఖర్చులు భరించాడు. ఎర్న్‌స్ట్ జిమ్మెల్ ఆయనతో కలిసి దానిని నడిపాడు. వాస్తుశిల్పి అయిన ఫ్రాయిడ్ కొడుకు ఎర్న్‌స్ట్ గదులు తీర్చిదిద్దాడు. ఎంత ఇచ్చుకోగలరో రోగులే చెప్పాలి, ఆ మాటను నమ్మి అంతే తీసుకోవాలి అన్నది అక్కడి ఫీజు పద్ధతి. ఏమీ ఇవ్వలేనివారిని కూడా చేర్చుకున్నారు. డబ్బు కట్టడం, కట్టకపోవడం చికిత్స గమనం మీద చెప్పుకోదగ్గ ప్రభావం చూపలేదని ఐటింగాన్ తన నివేదికలో పేర్కొన్నాడు. 1913 వ్యాసానికి ఇంతకంటే సూటి సమాధానం ఉండదు. పదేళ్ళు నిండాక 1930లో వెలువడిన లెక్కల ప్రకారం 1,955 మంది సంప్రదింపులకు రాగా 721 మందికి చికిత్స ప్రారంభమైంది. వారిలో 363 మందికి పూర్తయింది, 241 మంది మధ్యలో మానేశారు, 117 మందికి ఇంకా సాగుతోంది. పూర్తయినవారిలో 111 మందికి నయమైందని, 89 మందికి బాగా, 116 మందికి కొంతవరకు మెరుగైందని, 47 మందికి ఫలితం లేకపోయిందని నమోదు చేశారు. నయమవడమంటే ఏమిటో చికిత్స చేసినవారే నిర్ణయించిన లెక్కలివి కాబట్టి జాగ్రత్తగానే స్వీకరించాలి. అయినా తమ వైఫల్యాలను కూడా అచ్చువేసిన ఆ నిజాయితీని తక్కువ చేయరాదు.

వియన్నాలో 1922 మే 22న పెలికాన్‌గాసెలో మొదలైన అంబులటోరియం, అంటే పడకలు లేని బయటి రోగుల వైద్యశాల, ఇంతకంటే పేదది. దానికి సొంత ఇల్లు లేదు. ఉదయం పూట గుండె జబ్బుల వైద్యులు వాడుకునే గదులను మధ్యాహ్నం నుంచి ఎడ్వర్డ్ హిచ్‌మాన్ ఆధ్వర్యంలో విశ్లేషకులు వాడుకునేవారు. బెర్గ్‌గాసెలోని ఫ్రాయిడ్ గదిలో తివాచీ పరిచిన మెత్తని సోఫా ఉంటే ఇక్కడ రోగి గుండె పరీక్షల ఎత్తైన బల్ల మీదికి మెట్టు వేసుకుని ఎక్కి పడుకోవాలి. విశ్లేషకుడు చేతులు లేని చెక్క కుర్చీలో కూర్చోవాలి. వరసగా కొన్ని గంటలు అలా కూర్చుంటే ఒళ్ళు ఎంత నొచ్చేదో అక్కడ పనిచేసిన రిచర్డ్ స్టెర్బా తరువాత రాశాడు. దీనిని నడపడానికి వియన్నా విశ్లేషకులు తమలో తాము ఒక కట్టుబాటు చేసుకున్నారు: తమ రోగులలో ఐదో వంతు మందిని ఉచితంగా చూడాలి, కుదరనివారు అందుకు బదులు నెలనెలా చందా కట్టాలి. లండన్‌లో 1926 మే 6న, ఫ్రాయిడ్ 70వ పుట్టినరోజున, ఒక అమెరికన్ దాత సొమ్ముతో మరొక క్లినిక్ తెరుచుకుంది. బుడాపెస్ట్‌లో 1931లో షాండర్ ఫెరెంట్సి ఇంకొకటి ప్రారంభించాడు.

ఈ క్లినిక్కుల ఆర్థిక రహస్యం దాతృత్వంలో మాత్రమే లేదు. విశ్లేషకుడు కావాలనుకునే ప్రతి విద్యార్థీ పెద్దల పర్యవేక్షణలో కొందరు రోగులకు చికిత్స చేయాలన్న నియమం బెర్లిన్‌లో స్థిరపడింది. ఆ రోగులు క్లినిక్ నుంచే వచ్చేవారు. పేద రోగికి తక్కువ ఖర్చుతో వైద్యం, విద్యార్థికి అనుభవం ఒకేసారి అందాయి. ప్రపంచంలో చాలా శిక్షణ సంస్థలు నేటికీ తక్కువ ఫీజుతో నడిపే విభాగాలకు మూలం ఇదే. అనుభవం లేనివారి చేతికే పేదవారిని అప్పగించే లోపం కూడా ఈ ఏర్పాటుతోనే వచ్చింది.

1933లో నాజీలు అధికారంలోకి రాగానే యూదుడైన ఐటింగాన్ పాలస్తీనాకు వెళ్ళిపోయాడు. 1936లో ఆ బెర్లిన్ సంస్థను నాజీ నాయకుడు హెర్మన్ గోరింగ్ బంధువైన మథియాస్ గోరింగ్ ఆధ్వర్యంలోని సంస్థ మింగేసింది. 1938లో జర్మన్ సేనలు వియన్నాలో ప్రవేశించడంతో అంబులటోరియం కూడా మూతపడింది. అమెరికాకు, ఇంగ్లండుకు వలసపోయిన విశ్లేషకులలో చాలామంది కొత్త దేశంలో బతుకు నిలబెట్టుకోవడానికి పూర్తిగా ప్రైవేటు ప్రాక్టీసు మీదే ఆధారపడ్డారు. అలా 1913 వ్యాసంలోని నియమాలు ఉచిత క్లినిక్కుల అనుభవాన్ని వెనక్కు నెట్టి మళ్ళీ ముందుకొచ్చాయి. ఫ్రాన్స్‌లో మాత్రం మనోవిశ్లేషకుడు జాక్ లకాన్ గంట నియమాన్నే తోసిపుచ్చి, సెషన్‌ను తనకు తోచినచోట, కొన్నిసార్లు కొద్ది నిమిషాలకే ముగించేవాడు. అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘంతో ఆయనకు వచ్చిన తగాదాలో, 1963లో శిక్షకుల జాబితా నుంచి ఆయన పేరు తొలగించడంలో, ఇది ప్రధాన కారణం. సమయం చికిత్సకుడి ఇష్టమై, ఫీజు మాత్రం రోగి బాధ్యతగా మిగిలే ఏర్పాటు ఏ సిద్ధాంతం చెప్పినా న్యాయంగా తోచదు.

ఫీజు సమస్యకు గట్టి పరిష్కారం మళ్ళీ బెర్లిన్‌లోనే దొరికింది. కార్మికులకు జబ్బు చేస్తే ఖర్చు భరించే తప్పనిసరి బీమాను బిస్మార్క్ ప్రభుత్వం 1883లోనే చట్టం చేసింది గాని, న్యూరోసిస్‌ను ఆ పరిధిలోకి తేవడానికి అధికారులు దశాబ్దాలపాటు ఒప్పుకోలేదు. పరిహారం దొరుకుతుందనే ఆశే జబ్బును పెంచుతుందన్న అనుమానం వారిది. 1946లో, శిథిలాల మధ్య ఉన్న బెర్లిన్‌లో, నగర బీమా సంస్థ డబ్బుతో ఒక మానసిక చికిత్సాలయం తెరుచుకుంది. అక్కడ చికిత్స పొందిన 1,004 మంది రోగులను అన్నెమారీ డ్యూర్సెన్ సగటున ఐదేళ్ళ తరువాత వెతికి పట్టుకుని పరిశీలించి 1962లో ఫలితాలు ప్రచురించింది. రోగికి మనశ్శాంతి కలిగిందా అన్న ప్రశ్నతో ఆమె ఆగలేదు. చికిత్స తరువాత వారు ఏటా ఎన్ని రోజులు ఆస్పత్రిలో పడక మీద గడిపారని లెక్కించింది. ఆ రోజులు సాధారణ బీమాదారుల సగటు కంటే కూడా తగ్గాయి. ఈ సంఖ్య ముందు బీమా సంస్థల పాత అనుమానం నిలవలేదు. 1967లో పశ్చిమ జర్మనీ చట్టబద్ధ ఆరోగ్య బీమా మానసిక చికిత్స ఖర్చును భరించడం మొదలుపెట్టింది. 1999 నుంచి అర్హత గల మనస్తత్వ నిపుణులు కూడా వైద్యుల అనుమతి లేకుండా నేరుగా రోగులను చూడగలిగారు.

జర్మన్ పద్ధతిలో 1913 నాటి నియమాలు కొన్ని రూపం మార్చుకుని కొనసాగాయి. బీమా డబ్బుతో అసలు చికిత్స మొదలుకాక ముందు కొన్ని పరిశీలనా సెషన్లు ఉంటాయి. ఇవి ఫ్రాయిడ్ చెప్పిన తాత్కాలిక వారాల వారసులే. దీర్ఘకాల చికిత్స కావాలంటే చికిత్సకులు నివేదిక రాసి, రోగి పేరు తెలియని మరొక నిపుణుడి ఆమోదం పొందే పద్ధతి ఏర్పడింది. పూర్తి మనోవిశ్లేషణకు కూడా గరిష్ఠంగా 300 గంటలే. రోగి చెప్పకుండా మానేసిన గంటకు మాత్రం బీమా పైసా ఇవ్వదు. దానికి రుసుము అడగాలంటే ముందే చేసుకున్న ఒప్పందం ఉండాలి. డబ్బు చెల్లించేది మూడో పక్షమైనా రోగుల ప్రతిఘటన ఫ్రాయిడ్ భయపడినంతగా పెరిగి చికిత్స స్తంభించిపోలేదని అర్ధ శతాబ్దానికి పైగా నడిచిన ఈ వ్యవస్థ చూపించింది.

భారతదేశంలో ఈ చికిత్సకు తొలి కేంద్రం కలకత్తా. వైద్యుడైన గిరీంద్రశేఖర్ బోస్ 1922లో పార్శీబగాన్ లేన్‌లోని తన ఇంట్లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఫ్రాయిడ్‌ను ఆయన ఎన్నడూ కలవలేదు, ఉత్తరాల ద్వారానే పరిచయం. తన ప్రైవేటు ప్రాక్టీసు సాగిస్తూనే, 1933లో కార్‌మైకేల్ వైద్య కళాశాల ఆస్పత్రిలో మానసిక రోగులకు ఓపీ విభాగం తెరిపించాడు. మన దేశంలో సాధారణ ఆస్పత్రిలో అలాంటి విభాగం అదే మొదటిది. 1940లో లుంబినీ పార్క్ ఆస్పత్రి ఏర్పడటానికి ఆయన అన్న, పరశురామ్ పేరుతో హాస్యకథలు రాసిన రాజశేఖర బోస్ అండగా నిలిచాడు. ప్రైవేటు గది, ఉచిత విభాగం, దాతృత్వంతో నడిచే ఆస్పత్రి మూడూ ఒకే మనిషి జీవితంలో పక్కపక్కన నిలిచాయి. ఐరోపా క్లినిక్కుల స్ఫూర్తికి ఇంతకంటే దగ్గరి పోలిక మన దేశంలో లేదు.

ఆ ఆరంభం మాత్రం విస్తరించలేదు. 1955లో బెంగళూరులోని సంస్థలో, అంటే తరువాత నిమ్‌హాన్స్‌గా మారిన చోట, క్లినికల్ సైకాలజీ శిక్షణ మొదలైంది. 1992 నాటి చట్టంతో ఈ నిపుణులకు రిజిస్ట్రేషన్ ఏర్పడింది. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే వేర్వేరు మానసిక రుగ్మతలలో 70 నుంచి 92 శాతం వరకు రోగులకు చికిత్స అందడం లేదని తేల్చింది. హైదరాబాదు ఎర్రగడ్డలోనో విశాఖపట్నంలోనో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్ళిన పేద రోగికి మందులు దొరుకుతాయి. రోగుల రద్దీలో వారం వారం ఒక పూర్తి గంట ఒకే మనిషితో కూర్చుని మాట్లాడే అవకాశం దొరకడం కష్టం. ఆ గంట ప్రైవేటు గదిలో దొరుకుతుంది, దాని వెల ఆ రోగి చెల్లించలేడు. 1913లో ఫ్రాయిడ్ కట్టిన లెక్క తెలుగు నేల మీద ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 21(4) సెక్షన్, శారీరక వ్యాధులకు ఇచ్చే ప్రాతిపదికనే మానసిక వ్యాధులకు కూడా బీమా కల్పించాలని ఆదేశించింది. అదే ఏడాది ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు సర్క్యులర్ పంపింది. 2021లో ఢిల్లీ హైకోర్టు ఒక పాలసీదారు పక్షాన తీర్పు ఇచ్చి ఈ హక్కును బలపరిచింది. 2022 అక్టోబరులో నియంత్రణ సంస్థ కంపెనీలకు మరోసారి గడువు పెట్టింది. అయినా సాధారణ ఆరోగ్య పాలసీ కనీసం 24 గంటలు ఆస్పత్రిలో చేరినవారి ఖర్చునే లెక్కలోకి తీసుకుంటుంది. వారానికి ఒక గంట చొప్పున నడిచి వచ్చి నడిచి వెళ్ళే సైకోథెరపీ రోగి ఆ నిర్వచనంలోకి రాడు. శారీరక రోగి ఓపీ ఖర్చును కూడా ఆ పాలసీ భరించదు కాబట్టి, సమాన ప్రాతిపదిక అన్న చట్టం మాటను కంపెనీ అక్షరాలా పాటించినట్టే అవుతుంది, రోగి జేబు మాత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది. 1967కు ముందు జర్మన్ బీమా సంస్థలను కదిలించింది హక్కుల వాదం ఒక్కటే కాదు, చికిత్స పొందిన రోగులు తరువాత ఆస్పత్రి పడకల మీద గడిపిన రోజుల పట్టిక కూడా. నిమ్‌హాన్స్ వంటి ప్రభుత్వ సంస్థ, ఎర్రగడ్డ, విశాఖ ఆస్పత్రులను కూడా కలుపుకుని, క్రమబద్ధంగా మానసిక చికిత్స పొందిన కొన్ని వందల మందిని ఐదేళ్ళపాటు వెంబడించి అలాంటి పట్టికను తయారు చేస్తే, 24 గంటల షరతును సడలించమని అడగడానికి నియంత్రణ సంస్థ ముందు పెట్టదగిన ఆధారం చేతిలో ఉంటుంది. ఆ పనికి కావలసిన రోగుల రికార్డులు ప్రభుత్వ ఆస్పత్రుల ఓపీ విభాగాల్లోనే మొదలవ్వాలి.